రక్తబీజము

మన పురాణములలోని రక్తబీజుని కథ యెరుగని తెలుగువాడుండడు. వాని దేహమునుండి నేల రాలిన ప్రతి నెత్తుటి బొట్టునుండియు వానివంటి రాక్షసుడే యొకడు లేచి నిలుచుచుండెననియు, తుదకు ఆ నెత్తురు నేల తాకకమునుపే కాళికాదేవి త్రాగివేయుటచేత వాడు కూలెననియు చెప్పుదురు. పురాణమునందు అది యాసురశక్తి. అట్టి బీజమే యొకటి మన యెముకల మూలుగలో నిజముగా నున్నదనియు, అది ప్రాణము హరించుటకు గాక నిలుపుటకై రేయింబవళ్లు పనిచేయుచున్నదనియు నేటి జీవశాస్త్రము నిరూపించినది. ఆ బీజమును ఒక దేహమునుండి వేరొక దేహమునకు నాటుట సాధ్యమై దశాబ్దములు గడచినవి. దానిని దేహమునకు వెలుపల పాత్రలలో పెంచి రాశి చేయుట మాత్రము ఇప్పుడిప్పుడే సాధ్యమగుచున్నది. మూలకణముల పేరు చెప్పి మన నగరములలో సాగుచున్న ప్రకటనలకును, పరిశోధనాలయములలో వాస్తవముగా సిద్ధించినదానికిని మధ్యగల దూరము చాల గొప్పది. ఆ దూరమును పాఠకులకు కొలిచి చూపవలెననియే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి.

మొదట లెక్క చూతము. ఎర్ర రక్తకణ మొక్కటి సుమారు 120 దినములు జీవించును. తెల్లకణములలో కొన్నిటి యాయువు గంటలతోనో, కొలది దినములతోనో ముగియును. ఈ నష్టము పూడ్చుటకై ఆరోగ్యవంతుని మూలుగ ఎర్రకణములనే దినమునకు సుమారు 20 వేల కోట్లు తయారు చేయుచున్నది. రోగక్రిములతో పోరాడు తెల్లకణములును, గాయమైనచోట నెత్తురు గడ్డకట్టించు ప్లేట్‌లెట్లును ఆ మూలుగ పంటయే. ఇంత పంటకును విత్తనమైనది మూలకణము. మూలుగలోని కణములను పదివేలు వెదకినను అట్టిది యొకటి దొరకుట యరుదు.

విత్తన మన్నమాట మేము అలంకారమునకై వాడలేదు. రైతు పండిన ధాన్యములో అధికభాగము తిండికి దంపించును. మేలైన వడ్లను మాత్రము వేరుగా గాదెలో దాచును. మూలకణము చేయు పనియు నదియే. అది చీలి రెండగునపుడు, ఆ సంతతిలో కొంత రక్తముగా మారిపోవును. కొంత తల్లివలెనే మూలకణమై మిగులును. ఈ రెండవ గుణమే దాని ప్రాణము. కరవుకాలమున విత్తనపు వడ్లు గూడ దంపుకొని తినిన యింట ఆ నెల గడచును గాని, మరుసటి తొలకరికి నారు పోయుటకు గింజ యుండదు. పరిశోధనాలయములలో శాస్త్రజ్ఞులకు ముప్పది నలుబది యేండ్లు తలనొప్పి తెచ్చిన చిక్కు సరిగా ఇదియే. ఆ చిక్కు తెలియవలెనన్న ఈ విజ్ఞానము పుట్టిన విధము కొంత తెలియవలెను.

అది పుట్టిన ఘడియ శుభమైనది గాదు. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడినపుడు, మంటలలో చావక బయటపడిన వారిలో అనేకులు కొలది వారములలో జ్వరముతోను, రక్తస్రావముతోను మరణించిరి. వారి మూలుగ ఎండిపోయినది. అణుకిరణములనుండి మనుజుని కాపాడుట యెట్లను ప్రశ్న అంతట బయలుదేరెను. 1949లో చికాగో నగరమున లియోన్ జాకబ్సన్ చిట్టెలుక ప్లీహమును సీసపు కవచముతో కప్పి, తక్కిన దేహమునకు మారకమైన కిరణములు సోకించెను, ఎలుక బ్రతికెను. మరి రెండేండ్లకు ఈగన్ లోరెంజ్ ప్రభృతులు కిరణములు సోకిన జంతువులకు మూలుగ నెక్కించి బ్రతికించిరి. ప్రాణము పోసినది మూలుగలోని రసమా, కణములా యను వివాదము కొన్నియేండ్లు నడచి, నాటిన కణముల క్రోమోజోముల గుర్తులే క్రొత్త రక్తములో కనబడుటచే 1956 నాటికి కణములేయని తేలినది.

అయినను కణములలో ఏది విత్తనము? ఈ ప్రశ్నకు ఉత్తరము కెనడాలోని టొరాంటో నగరమున దొరకెను. జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకలాక్ అను నిరువురు, కిరణములచే మూలుగ నశించిన చిట్టెలుకలకు లెక్కపెట్టిన మూలుగ కణములు ఎక్కించి, పది పదునాలుగు దినముల పిమ్మట వాని ప్లీహములను పరీక్షించిరి. అచ్చట చిన్న చిన్న బొడిపెలు కనబడినవి. ఎక్కించిన కణములు హెచ్చినకొలది బొడిపెలును హెచ్చినవి. 1961లో ఈ ఫలితమును ప్రకటించిరి. 1963లో తమ సహచరుడగు ఆండ్రూ బెకర్‌తో గలసి ఒక్కొక్క బొడిపెయు ఒక్కొక్క కణమునుండియే మొలచినదని నిరూపించిరి. ఒక గింజనుండి మొలచిన దుబ్బు వంటిదే ఆ బొడిపె. ఆ బొడిపెలలో అనేకము అసలైన మూలకణమునుండి గాక దాని సంతతినుండి మొలచినవని తరువాతి కాలమున తెలిసినది. కాని వారు నెలకొల్పిన ధర్మసూత్ర మిప్పటికిని చెక్కుచెదరలేదు. మూలకణమును రూపముచేత గుర్తింపరాదు. వేరొక దేహములో నాటినపుడు అది రక్తమును తిరిగి పండించెనా, ఆ పండిన దేహమునుండి తీసి మూడవ దేహములో నాటినను పండించెనా యను పరీక్షచేతనే గుర్తింపవలెను. పాఠకులు ఈ సూత్రమును మనసున నుంచుకొందురుగాక; ఈ వ్యాసమున ముందు దీనితో పని యున్నది.

మనుష్యులయందు ఈ వైద్యమునకు ఆద్యుడు ఎడ్వర్డ్ డొనాల్ థామస్. 1957లో ఆయన అమెరికాలో మొదటి ప్రయత్నములు ప్రకటించెను. ఆ రోగు లొకరును చిరకాలము బ్రతుకలేదు. తరువాతి పదియేండ్లలో నానాదేశములయందు జరిగిన మార్పిడులలో అత్యధికభాగము విఫలమే. పెక్కుమంది వైద్యులు ఇది సాధ్యముగాదని విడిచిపెట్టిరి. వైఫల్యమునకు కారణము క్రమముగా బోధపడెను. ప్రతి దేహకణముపై స్వజన పరజన భేదమును తెలుపు ముద్రలు గలవు, వానిని హెచ్.ఎల్.ఏ. గుర్తులందురు. వీనిలో మొదటిదానిని 1958లో ఫ్రాన్సులో జాన్ డోస్సే కనుగొనెను; 1980లో నోబెల్ బహుమానములో భాగ మందెను. ఈ గుర్తులు కలియనిచో దేహము క్రొత్త కణములను తరిమివేయును. అంతకు మించిన విపత్తు మరియొకటి కలదు. నాటిన మూలుగతో వచ్చిన తెల్లకణములే ఆశ్రయమిచ్చిన దేహముపై తిరుగబడి, చర్మమును, కాలేయమును, ప్రేగులను ధ్వంసము చేయును.

ఆ తిరుగుబాటు నణచుటకు థామస్ బృందము సియాటిల్‌లో వాడిన మందు మెథోట్రెక్సేట్. అది లెడర్లీ పరిశోధనాలయమున ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున వెలువడినది. భీమవరమున 1895లో జన్మించిన ఆ తెలుగు బిడ్డ 1948 ఆగస్టులో న్యూయార్కున కన్నుమూసెను. మూలుగ మార్పిడి అప్పటికింకను ఎలుకల దశకైన రాలేదు. తన మందు ఇట్లు గూడ నుపకరించునని ఆయనకు తెలియనే తెలియదు. 1968లో మినియాపోలిస్‌లో రాబర్ట్ గుడ్ ప్రభృతులు, రోగనిరోధకశక్తి లేక పుట్టిన శిశువునకు అక్క మూలుగ నాటి విజయము సాధించిరి. థామసునకు 1990లో నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున 1983లో బొంబాయి టాటా స్మారక వైద్యశాలయందును, 1986లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలయందును ఈ చికిత్స ప్రారంభమైనది.

ఇచ్చటనే అసలు కష్టము మొదలగును. ఒక తల్లిదండ్రుల బిడ్డలయందు గుర్తులు పూర్తిగా కలియుటకు నాలుగింట నొకవంతు మాత్రమే యవకాశము. ఒకరిద్దరు బిడ్డలు గల నేటి కుటుంబములలో సోదరదాత లేని రోగులే హెచ్చు. పరాయివారిలో వెదకవలెనన్న దాతల పట్టికలు కావలెను. ప్రపంచమున నేడట్టి పట్టికలలో 4 కోట్లకు పైగా పేర్లున్నవి. అందు ఐరోపా సంతతివారే హెచ్చు. నూటనలుబది కోట్లు మించిన జనముగల భారతదేశపు పట్టికలలోని పేర్లు ఇంకను లక్షలలోనే యున్నవి. అదియునుగాక, తరతరములుగా స్వకులముననే వివాహము చేసికొను మన యాచారముచే, ఒక్కొక్క శాఖవారి గుర్తుల కూర్పు ఒక్కొక్క విధముగా నున్నది. కావున ఏ శాఖవారు పట్టికలో లేకపోయిన ఆ శాఖ రోగికే లోటు.

ఈ లోటు తీర్చుటకు త్రోవ యొకటి 1988లో పారిసునందు కనబడెను. ఎలియాన్ గ్లూక్‌మన్ అను వైద్యురాలు, ఫాంకోని రక్తహీనతతో బాధపడు బాలునకు, అప్పుడే పుట్టిన అతని చెల్లెలి బొడ్డుతాటి రక్తము నెక్కించి స్వస్థపరచెను. అంతవరకు ప్రసూతి గదిలో మావితో గూడ పారవేయుచుండిన ఆ గరిటెడు నెత్తురులో మూలకణములు సమృద్ధిగా గలవు. అవి లేతవగుటచే గుర్తులు కొంత కలియకున్నను సర్దుకొనును. వానిని శీతలీకరించి యేండ్ల తరబడి దాచవచ్చును. కాని ఒక బొడ్డుతాడునుండి వచ్చు రక్తము సాధారణముగా నూరు మిల్లీలీటర్ల లోపే. బిడ్డ కది చాలును, పెరిగినవానికి చాలదు. ఎకరము పొలమునకు మడి చాలని నారు తెచ్చి పలుచగా నాటినట్లు, క్రొత్త రక్తము మొలకెత్తుటకు చాల దినములు పట్టును. పాతమూలుగ నశించి, క్రొత్తది లేవకున్న ఆ దినములలో రోగికి తెల్లకణములుండవు. గాలిలోని సామాన్య క్రిమియే యముడగును. నారు చాలనప్పుడు రైతు ఏమి చేయును? మరికొంత నారు పోయును. శాస్త్రజ్ఞులును అదే తలంచిరి: బొడ్డుతాటి మూలకణములను పాత్రలో పెంచి రాశి హెచ్చింపరాదా?

పెంచుట కష్టముగాదు. మూలకణములకు ప్రియమైన వృద్ధికారకములు కలిపిన ద్రవములో నుంచిన, అవి రెండు వారములలో విస్తారముగా పెరుగును. పెరుగును గాని, పెరుగుచు పెరుగుచు తల్లితనమును కోల్పోవును. పాత్ర నిండును, విత్తనము ముగియును. మూలుగలో వాని చుట్టును ఒక గూడు గలదనియు, ఆ గూటి పొరుగు కణముల సాన్నిధ్యమే వానిని మూలకణములుగా నిలుపుచున్నదనియు 1978లోనే రేమండ్ స్కోఫీల్డ్ ఊహించెను. ఆ గూటిని గాజుపాత్రలో సృజించుట యెట్లు?

ఉత్తరములు ఒకదానివెంట నొకటి వచ్చినవి. 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు లక్ష రసాయనములను వడపోసి, ఎస్.ఆర్.1 అను నొకదానిని పట్టుకొనిరి. దాని ప్రభావమున మూలకణపు పై గుర్తుగల కణములు 50 రెట్లు పెరిగినవి. కాని ఎలుకలలో నాటినపుడు నిజముగా రక్తము పండించగల కణములు 17 రెట్లే పెరిగినవి. టొరాంటో సూత్రము ఎంత విలువైనదో చూచితిరా? గుర్తు చూచి 50 అని మురిసినచో మోసపోయెదము. పొలములో మొలచినది 17 మాత్రమే. ఈ లెక్కను దాచక ప్రకటించినందులకు ఆ పరిశోధకులను మేము శ్లాఘించుచున్నాము. 2014లో మాంట్రియల్‌నుండి గీ సోవాజో బృందము యు.ఎం.171 అను మరియొక మందును ప్రకటించెను.

2019లో హిరోమిత్సు నకౌచీ బృందమునుండి వెలువడిన ఫలితము అన్నిటికంటె చిత్రమైనది. జపానులోని టోక్యోయందును, అమెరికాలోని స్టాన్‌ఫోర్డునందును పనిచేయుచుండిన వీరు, పాత్రలోని ద్రవములో సర్వత్ర వాడు ఆల్బుమిన్ అను మాంసకృత్తునే అనుమానించిరి. కణములకు పాలవంటి పోషణమని యందరును నమ్మిన ఆ పదార్థములోని మాలిన్యములే వానిని పాడుచేయుచుండెను. దానిని తొలగించి, బడిపిల్లలు కాగితములంటించు జిగురులలో నుండు పాలీవినైల్ ఆల్కహాల్‌ను కలిపిరి. ఎలుక మూలకణములు నెలదినములలో 236 మొదలు 899 రెట్లు పెరిగినవి. ఇది పై గుర్తుల లెక్క గాదు, నాటి చూచిన లెక్క. 2023లో మనుష్య మూలకణములకు గూడ, ఆల్బుమినునే గాక వృద్ధికారకములను సైతము విడిచి, రసాయనములతోను, కృత్రిమమైన వేరొక జిగురుతోను పెంచు పద్ధతిని ప్రకటించిరి. అగ్గువ పదార్థములతో జరుగు పని యగుటచే, మనవంటి దేశములకు ఇది చాల ముఖ్యమని మా యభిప్రాయము.

రోగిశయ్యవరకు వచ్చిన ఫలము మరియొక మార్గమునుండి వచ్చినది. జొన్నకూటిపై బ్రతుకు తెలంగాణపు పేదలలో ఒకప్పుడు కనబడిన పెల్లాగ్రా రోగమునకు మందైన నికోటినమైడ్ అను విటమినును కలిపి, బొడ్డుతాటి మూలకణములను మూడు వారములు పెంచు పద్ధతి యది. 2021లో ప్రకటితమైన పరీక్షలో 125 మంది రోగులను రెండు వర్గములు చేసిరి. మామూలు బొడ్డుతాటి రక్తము పొందిన వారిలో క్రొత్త తెల్లకణములు తలయెత్తుటకు 22 దినములు పట్టగా, పెంచిన కణములు పొందినవారిలో 12 దినములు పట్టినది. అంటురోగములును తగ్గినవి. పది దినములే గదా యని చులకన చేయరాదు. మృత్యువు వాకిట కూర్చున్న పది దినము లవి. 2023 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ దీనికి అనుమతి నిచ్చెను. 2024లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ శాస్త్రజ్ఞులు సామాన్య కణములను శైశవదశకు మరలించి, వానినుండి ఎలుకలలో నాటుకొనగల మూలకణములను తయారుచేసిరి. అది ఇంకను ఎలుకలను దాటలేదు.

న్యాయముగా చెప్పవలసిన మాట మరియొకటి గలదు. ఇంతలో సగము గుర్తులు మాత్రమే కలిసిన తల్లి, తండ్రి, సోదరుల మూలుగను సురక్షితముగా నాటు ఉపాయమును జాన్స్ హాప్కిన్స్ వైద్యులు వృద్ధిచేసిరి. మార్పిడియైన కొలది దినములకు సైక్లోఫాస్ఫమైడ్ అను పాతమందు నిచ్చి, తిరుగబడు కణములను మాత్రము నశింపజేయుట అందలి కిటుకు. ఇందుచే బొడ్డుతాటి రక్తముతో పని కొంత తగ్గినది. విజ్ఞానము ఒక త్రోవనే నడవదు. ఏ త్రోవ గమ్యము చేర్చునో ముందుగా నిశ్చయించి సొమ్ము కట్టుమనువాడు శాస్త్రజ్ఞుడు గాడు, వర్తకుడు.

ఇక మన యింటి మాట. మన దేశమున ఏటా సుమారు పదివేలమంది బిడ్డలు తీవ్రమైన తలసేమియాతో జన్మించుచున్నారని అంచనా. మూడు నాలుగు వారముల కొకమారు పరుల రక్త మెక్కించుకొనిననే గాని వారు బ్రతుకలేరు. ఎక్కించిన రక్తములోని ఇనుము గుండెలోను, కాలేయములోను పేరుకొనును. మన్యప్రాంతముల గిరిజనులలో కొడవలి కణరోగము కలదు. ఈ రెంటికిని మూలకణముల మార్పిడి పూర్తి స్వస్థతను చేకూర్చగలదు. రోగి కణములలోని జన్యువునే సవరించి తిరిగి నాటు చికిత్సకు 2023లో ఇంగ్లండు, అమెరికాలు అనుమతించినవి గాని, అమెరికాలో దాని వెల 22 లక్షల డాలర్లు. ఇవి యథార్థములు. ఈ యథార్థముల నీడలో సాగుచున్న వ్యాపారము వేరు.

ప్రసవ మగుటకు ముందే తల్లిదండ్రులను కలిసి, బిడ్డ బొడ్డుతాటి రక్తమును దాచుకొనుడు, రేపు బిడ్డకు ఏ జబ్బు వచ్చినను అదే సంజీవని యని చెప్పి, వేలకు వేలు రూపాయలు కట్టించుకొనుచున్నారు. తలసేమియాతో పుట్టిన బిడ్డ బొడ్డుతాటి రక్తములోను ఆ దోషమే యుండును. చెడిన గింజను దాచి మరల నాటిన మేలైన పైరు వచ్చునా? బిడ్డ రక్తమును ఆ బిడ్డకే భవిష్యత్తున వాడుటకై దాచుటకు శాస్త్రీయమైన యాధారము లేదని భారత వైద్యపరిశోధనామండలి 2017 నాటి నిబంధనలలోనే విశదము చేసినది. అదే కుటుంబమున మార్పిడివలన నయము కాదగిన రోగముతో నున్న పెద్దబిడ్డ గలచో, ఆ బిడ్డకొరకు దాచుట యుచితము. రక్తసంబంధమైన వ్యాధులకు దప్ప తక్కిన రోగములకు మూలకణ చికిత్స ఇంకను పరీక్షాదశలోనే యున్నదనియు ఆ నిబంధనలే చెప్పుచున్నవి. కీళ్లనొప్పులు మొదలు మందబుద్ధి వరకు సర్వరోగములకును మూలకణముల సూదిమందు గలదని చెప్పి సొమ్ము గుంజువారిని పాఠకు లొక్క ప్రశ్న యడుగవలెను: "మీరు నాటినది మొలచినదని ఎక్కడ చూపితిరి?" టొరాంటో ఎలుకల కాలమునుండి ఈ శాస్త్రమున నిజమునకు ఒరపురాయి ఆ ప్రశ్నయే.

పరిశోధనాలయములు తమ పని చేయుచున్నవి. అవి ముగించువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. పదునెనిమిదేండ్లు నిండిన యువకులు దాతల పట్టికలలో పేరు వ్రాయించుకొనవచ్చును. అందులకు కావలసినది బుగ్గలోపలి తడిని దూదిపుల్లతో తుడిచి యిచ్చుటయే. ఎన్నడైన పిలుపు వచ్చినచో, నాలుగైదు దినములు సూదిమందు పుచ్చుకొని, చేతి నరమునుండి కొన్ని గంటలు రక్తము ప్రవహింపజేసిన చాలును. యంత్రము మూలకణములను మాత్రము తీసికొని మిగిలిన రక్తమును తిరిగి యిచ్చును. ఎముక విరిచెదరను భయము వట్టిది; ఇచ్చిన కణములను దేహము కొలది వారములలో పూడ్చుకొనును. మేనరికములు హెచ్చుగా గల మన ప్రాంతమున, జాతకములు చూచినంత శ్రద్ధతో వధూవరుల రక్తమును తలసేమియాకై పరీక్షింపించుట మరియొక ధర్మము. ప్రభుత్వములు వర్తకుల గాదెలకు బదులు అందరికిని చెందు బొడ్డుతాటి రక్తనిధులను, కణములను పెంచు పరిశోధనాలయములను పోషించుట మూడవది. బొగ్గు గనుల ప్రభుత్వ సంస్థ 2017నుండి తలసేమియా బిడ్డల మార్పిడికి పదిలక్షల రూపాయలవరకు సాయము చేయుచున్నది. దాత దొరకిన కుటుంబమునకు అది కొండంత యండ. దాతయే దొరకనివానికి ఆ సొమ్ముతో నేమి పని?

విత్తన మెంత మేలైనదైనను ఇచ్చువాడు లేక పొలము పండదు. పరిశోధనాలయములలో జిగురునీటిలో గింజలు పెరుగుచున్నవి; అవి చేతికందువరకు గింజ మన యందరి యెముకలలోను నున్నది. అడిగిన పరాయి బిడ్డకు పిడికెడు పెట్టి పంపగల యౌదార్యము, అన్నదానమునకు పేరుపడిన ఈ దేశమున కొరవడకుండుగాక!